రాజుగారు లేరండీ, రేపు రండి

పాతనగరం చూడటానికి వచ్చినవాళ్ళకు అక్కడి గైడ్లు కోట గుమ్మం చూపిస్తారు, గంట గోపురం ఎక్కిస్తారు, ప్రార్థన మందిరంలో రంగుటద్దాల కింద నిలబెట్టి ఫొటోలు తీస్తారు. రాజుగారి సమాధి ఉన్న గుమ్మటానికి మాత్రం పొద్దు గుంకేలోపే తీసుకెళ్తారు. ఆలస్యమైతే, "అది బయటినుంచే బాగుంటుందండీ" అనేస్తారు.

ఎందుకంటే... చీకటి పడ్డాక అక్కడ గోడ మాట్లాడుతుందట.

నిజానికి ఆ గోడ మాట్లాడటంలో వింతేమీ లేదు. గుమ్మటం లోపల గుండ్రంగా ఉంటుంది. ఒక చివర గోడకు పెదాలు ఆనించి గుసగుసలాడితే, ఆ మాట గోడ వెంబడే పాక్కుంటూ పోయి, ఎదుటి చివర చెవి పెట్టినవాడికి వినిపిస్తుంది. నడుమ సమాధి దగ్గర నిలబడ్డవాడికి ఒక్క ముక్క వినపడదు. కట్టినవాడి పనితనం అది. వింత ఏమిటంటే — అవతలి చివర మనిషన్నవాడు లేకుండానే గోడ పలుకుతోందట.

మొదట విన్నది గొడుగు గైడు. తన గుంపు తప్పిపోకుండా ఎండైనా వానైనా ఎర్రగొడుగు ఎత్తిపట్టుకు నడుస్తాడు గనక ఆ పేరు. ఒక సాయంత్రం ఆలస్యంగా లోపలికెళ్ళి, సరదాకి గోడ మీద నోరు పెట్టి అడిగాడు.

"రాజుగారున్నారా అండీ?"

గోడ ఒక్క క్షణం ఊరుకుంది. తర్వాత...

"లేరండీ. రేపు రండి."

గొడుగు అక్కడే పారేసి కాళ్ళకు బుద్ధి చెప్పాడు. గుంపు అతని వెనకాలే.

తెల్లారేసరికి ఆ సంగతి చిలవలు పలవలు వేసింది. దెయ్యం తెల్లబట్టలు కట్టుకుందని ఒకరన్నారు. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయని ఇంకొకరన్నారు. చూసినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆ కథ విని అందరూ గుడ్లు తేలేస్తే, ఇంకో గైడుకు వ్యాను నడిపే తమ్ముడు ఒక్కడే తల వంచుకున్నాడు. ఎందుకంటే ఆ ప్రశ్న అతని అన్నయ్యది. ఆ జవాబు వదినది.

అన్నయ్య ఆ నగరంలో అందరికంటే పాత గైడు. సంతలో మాట్లాడితే కోటలో వినపడుతుందని అతన్ని మైకు అనేవాళ్ళు. గుమ్మటంలో అతనూ, వదినా కలిసి ఒక ఆట ఆడేవాళ్ళు. జనాన్ని గోడకు చెవులు పెట్టించి, "రాజుగారున్నారా అండీ?" అని అతను గుసగుసగా అడిగేవాడు. అవతలి స్తంభం చాటున బఠానీలు ఒలుచుకుంటూ కూర్చున్న వదిన, గుమ్మంలోకి ఎవరో వచ్చి ఇంటాయన కోసం అడిగినట్టు, "లేరండీ, రేపు రండి" అనేది. జనం ముందు ఉలిక్కిపడేవాళ్ళు. తర్వాత ఒకటే నవ్వు.

వదిన పోయి ఏడాది కావస్తోంది. అప్పట్నుంచీ మైకు గుమ్మటం గడప తొక్కలేదు. "లోపల రిపేర్లు" అని చెప్పి జనాన్ని దాటించేస్తున్నాడు.

గోడ సంగతి అన్నయ్య చెవిన పడకుండా తమ్ముడు కాచుకోవాలనుకున్నాడు. ఊరంతా తెలిసింది దాగుతుందా? ఒక సాయంత్రం వ్యాను అద్దాలు తుడుస్తుంటే, మైకు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"గుమ్మటానికి పోనీ."

"ఇప్పుడా? చీకటి పడింది."

"చీకటి పడ్డాకేగా మాట్లాడేది."

"ఇన్నేళ్ళూ జనానికి దెయ్యాల కథలు అమ్ముకున్నవాడివి. అమ్మేవాడే కొనుక్కుంటే ఎలా అన్నయ్యా?"

మైకు వ్యాను తలుపు వేసుకున్నాడు.

"ముఖం గుర్తుందిరా. ఫొటోలున్నాయి. గొంతే... పోతోంది. గుర్తు తెచ్చుకుందామని కళ్ళు మూసుకుంటే నా గొంతే వినపడుతోంది. జనం ఫోన్లలో తీసిన వీడియోలన్నిట్లోనూ నేనే. రోజంతా వాగింది నేను. దానికి మిగిల్చింది ఆ ఒక్క మాట."

తమ్ముడు వ్యాను తీశాడు.

గేటు దగ్గర కాపలావాడు మైకుని చూసి లేచి గేటు తీశాడు. లోపల రాతి చలి. పైన ఎక్కడో పావురం ఒకటి రెక్క సర్దుకుంది. టార్చి వెలుగు సమాధి మీద పడి, గోడ దాకా వెళ్ళి, అక్కడ పల్చబడిపోయింది. ఎదుటి చివర ఏముందో కనపడలేదు.

మైకు గోడకు చెయ్యి ఆనించాడు. తమ్ముడూ పక్కన వంగి చెవి పెట్టాడు.

"రాజుగారున్నారా... అండీ?"

ఏమీ లేదు.

తమ్ముడు చెవి ఇంకా గట్టిగా నొక్కిపెట్టాడు.

"లేరండీ. రేపు రండి."

తమ్ముడి పై ప్రాణాలు పైనే పోయాయి. "అన్నయ్యా... వదినేనా?"

మైకు ముఖంలో భయం లేదు. లెక్క తప్పిన పిల్లవాడి ముఖంలా ఉంది.

"తెలియడం లేదురా," అన్నాడు.

గుసగుసకు సొంత గొంతు ఉండదు. ఊపిరీ పెదాలూ తప్ప అందులో ఇంకేమీ ఉండదు, ఎవరిదైనా ఒక్కలాగే వినపడుతుంది. ఈ ముక్క మైకే రోజూ జనానికి చెప్పేవాడు. "గుసగుసలో పెళ్ళాన్ని గుర్తుపట్టిన మొగుడు ఇంకా పుట్టలేదండీ!" అని నవ్వించేవాడు.

అతను మళ్ళీ గోడకు పెదాలు ఆనించాడు.

"నువ్వేనా?"

గోడ పలకలేదు.

"నువ్వేనా? ఒక్కసారి చెప్పు..."

అవతల ఏదో కింద పడ్డ చప్పుడు. వెంటనే వెక్కిళ్ళు.

తమ్ముడు టార్చి పట్టుకుని అటు పరిగెత్తాడు. స్తంభం చాటున చీపురు పడి ఉంది. దాని పక్కన, కొంగు నోట్లో కుక్కుకుని... గుమ్మటం ఊడ్చే పిన్ని.

"నేనే బాబూ. ఆఫీసులో చెప్పకండి. మూసే గంట కొట్టాక లోపల ఉండనివ్వరు, పనిలోంచి తీసేస్తారు."

"నీకిదేం పోయేకాలం పిన్నీ! ఊరందర్నీ..."

"ఆగరా," అన్నాడు వెనకే వచ్చిన మైకు.

"ఆమే చెప్పమంది బాబూ," అంది పిన్ని. "జబ్బు ముదిరాక ఒకరోజు ఆయాసపడుతూ వచ్చి ఈ మెట్టు మీదే కూర్చుంది. 'పిన్నీ, ఆయనకు అలవాటు. నేను లేకపోయినా అడిగేస్తాడు. గోడ పలక్కపోతే పదిమందిలో ఆయన మొహం ఎట్లా అయిపోతుందో నాకు తెలుసు. నువ్వు పలుకు' అంది. ఎట్లా అనాలో నేర్పింది. మీరు ఆఖరి గుంపుని తెచ్చే వేళ అదేగా, అప్పట్నుంచీ పొద్దు గుంకేవేళకి వచ్చి కాచుక్కూర్చుంటున్నా. మీరే రారు. ఆవేళ ఎవరో అడిగితే మీరేననుకున్నా. గుసగుసలో ఎవరని తెలుస్తుంది?"

"మరి నాతో ఒక మాట అనకపోయావా?"

"చెబితే ఇంక అది నేనని తెలిసిపోదూ?"

దెయ్యం కాదు. తమ్ముడికి హమ్మయ్య అనిపించింది. అన్నయ్యకేసి తిరిగాడు... ఆ హమ్మయ్య గొంతులోనే ఉండిపోయింది. దెయ్యం కాదని తెలిసి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషిని అతను అప్పటిదాకా చూడలేదు.

మైకు అడిగాడు. "ఇంకేమైనా నేర్పిందా పిన్నీ?"

"లేదు బాబూ. జనం వెళ్ళిపోయాక మీరిద్దరూ చెరో చివర గోడకు అతుక్కునేవాళ్ళుగా, ఊడుస్తూ చూసేదాన్ని. అదేమిటో కూడా చెప్పమ్మా అన్నా. నవ్వింది. 'అది నీకెందుకు పిన్నీ, అది నేనే చెప్పుకుంటాలే' అంది."

మైకు వెళ్ళి గోడను అరచేత్తో తడిమాడు.

"ఏమిటన్నయ్యా అది?"

"ఏముందిరా. కాళ్ళు నొప్పులా, అని అడిగేది."

"అంతేనా?"

"అంతే. రోజూ." జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పిన్నిని వ్యానులో కూర్చోబెట్టు, ఇంటి దగ్గర దింపుదాం. నేను వస్తున్నా."

తమ్ముడు పిన్నిని తీసుకెళ్ళి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. లోపలి దీపం వేశాడు. ఇంజను వేడెక్కింది, అన్నయ్య రాలేదు. దిగి మళ్ళీ గుమ్మటం గడప దాకా వెళ్ళాడు.

మైకు ఇవతలి గోడకు చెవి ఆనించి నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకున్నాడు.

తమ్ముడు టార్చి ఎదుటి చివరకు తిప్పాడు. స్తంభం. కింద పడ్డ చీపురు. ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూశాడు. వ్యాను దీపం కింద పిన్ని అలాగే కూర్చుని కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది.

"అన్నయ్యా, పోదాం పద," అనబోయాడు.

అప్పుడు మైకు నెమ్మదిగా ముఖం తిప్పి, గోడకు పెదాలు ఆనించాడు. సంతలో మాట్లాడితే కోటలో వినపడే మనిషి... గడపలో ఉన్న తమ్ముడికే అందీ అందనట్టుగా అన్నాడు.

"కొంచెం."

మళ్ళీ చెవి పెట్టాడు. పైన పావురం కదల్లేదు. కాసేపటికి తల అడ్డంగా ఊపాడు.

"లేదు లేదు... కొంచెమే."