అతిథికే మొదటి డోసు

వ్యాక్సిన్ వ్యాన్ డ్రైవర్ ఏసురాజుని ధవళేశ్వరం దగ్గర పట్టపగలు కాల్చి చంపారు. సైలెన్సర్ తుపాకి. ఒకే బుల్లెట్. వ్యాన్ మందులతో సహా కాలవలో మునిగింది.

గంటలో ఏజెంట్ ఉదయభాస్కర్ రాజమండ్రి సేఫ్‌హౌస్‌లో ఉన్నాడు.

"యుద్ధం మొదలయ్యాక తీరంలో జనమంతా ఈ ఊరికే వచ్చిపడ్డారు," అన్నాడు చీఫ్ పల్లంరాజు. "క్యాంపుల్లో కలరా. చూస్తే ఉన్న తాగే వ్యాక్సిన్ కాస్తా వ్యాన్‌తో మునిగింది. సరిగ్గా ఈ టైముకి బ్లూ లాంప్ అనే విదేశీ ఛారిటీ ఉచితంగా ఇస్తానంటూ దిగింది. నాకు నచ్చలేదు."

"వాళ్ళ టార్గెట్ ఏంటి సార్?"

"బ్రిడ్జి. సాయంత్రం మన సైన్యం కాన్వాయ్ గోదావరి దాటాలి. ఊళ్ళో పానిక్ లేస్తే జనమంతా బ్రిడ్జి మీద పడతారు. ఇక బాంబెందుకు? ఛారిటీలో మన మనిషి ఒకరున్నారు. కోడ్ వర్డ్, పులస ఎదురెక్కుతోంది."

ఉదయభాస్కర్ ఫ్రిజ్ మెకానిక్ వేషంలో అర్బన్ హెల్త్ సెంటర్‌కి చేరేసరికి క్యూ రోడ్డెక్కింది. పొద్దున్నుంచి రెండుసార్లు సైరన్ మోగింది. మెడికల్ ఆఫీసర్ రామలక్ష్మి రెండుసార్లూ జనాన్ని లోపల దాచి, మళ్ళీ తలుపులు బార్లా తీసింది.

"ఇవాళ్టికి మూసేస్తే పోయేది కదండీ?" అన్నాడతను.

"వాళ్ళు బాంబులేస్తే మేం మూసుకోవాలాండి? మూయం. వెయ్యమనండి!"

బ్లూ లాంప్ అధిపతి మార్టిన్ అప్పటికే కెమెరా పెట్టించి లైవ్ మొదలెట్టాడు. తెలుగు కూడా నేర్చుకొచ్చాడు, మహానుభావుడు. పక్కన జరీ చీరలో, నల్ల కళ్ళద్దాలతో అతని సెక్రటరీ పావని. ఆ వరండాలో అంత అందం అనుమానంగానే ఉంది. ఆమె ఉదయభాస్కర్‌ని రాసుకుంటూ దాటుతూ గుసగుసలాడింది.

"పులస ఎదురెక్కుతోందండి. మందులో సైనైడ్. ఇప్పుడే తెలిసింది."

అతను క్యూ వైపు తిరిగాడు. క్యూలో మొదట ఉప్పాడ నుంచి వచ్చిన నాలుగేళ్ళ చిన్ని నోరు తెరుచుకుని నిలబడింది. రామలక్ష్మి చేతిలో బ్లూ లాంప్ సీసా మూత ఊడింది.

విషమని అరిస్తే లైవ్‌లో వేలమంది వింటారు. బ్రిడ్జి నిండిపోతుంది. అరవకపోతే పిల్ల చచ్చిపోతుంది. వాచీలో లేజరుంది, బూటులో కత్తి ఉంది. రెండూ దండగ.

"ఆగండి డాక్టరుగారూ! ఇంత దూరం నుంచి మందు మోసుకొచ్చిన పెద్దమనిషి ఎదురుగా ఉంటే ముందు మనవాళ్ళకి పోస్తారా? మన మర్యాద ఏమైపోవాలండి?"

సీసా చిన్ని పెదాల దగ్గరే ఆగింది. గోదావరి మనిషిని ఏమన్నా పడతాడు గానీ, మర్యాద తెలీదంటే పడడు.

"అయ్యో, పొరపాటైపోయిందండి!" అంది రామలక్ష్మి. " మొదటి డోసు మీదేనండి మార్టిన్‌గారూ."

"నాకు వద్దు."

పాపం, అతనికి తెలీదు. ఇక్కడ అతిథి వద్దంటే మొహమాటపడుతున్నాడనుకుని ఇంకాస్త వడ్డిస్తారు.

"మొహమాటపడకండి బాబూ!" అంది క్యూలోంచి పెద్దింట్లమ్మ. "మీరు పుచ్చుకోందే మేం ముట్టుకోమండి."

"నాకు... ఉపవాసం."

"మందుకి ఉపవాసమేంటండి?" అంటూ క్యూలో మగవాళ్ళు నలుగురు ప్రేమగా అతని భుజాలు పట్టుకున్నారు. సీసా అతని మూతికి తగిలింది.

"కెమెరా ఆపు!" అని కేకేశాడు మార్టిన్.

పావని హాయిగా ఆపేసింది. మరుక్షణం మార్టిన్ విదిలించుకుని పిస్తోలు తీశాడు. ఉదయభాస్కర్ అతని మణికట్టు మెలితిప్పాడు. పిస్తోలు కిందపడింది. అప్పుడు చెప్పాడు రామలక్ష్మికి, సీసాలో ఏముందో.

రామలక్ష్మి కోపంగా ఆ సీసా మూత బిగించి పక్కన పెట్టింది. ఫ్రిజ్‌లో ఎమర్జెన్సీకి దాచిన సర్కారు స్టాకు తీయించి, తను ముందు తాగి, తర్వాత చిన్నికి తాగించింది.

"లైవ్ మళ్ళీ పెట్టమ్మా పావనీ. మేం మూయలేదని వాళ్ళ దేశమంతా చూడాలి."

సాయంత్రం కాన్వాయ్ బ్రిడ్జి దాటింది. చీఫ్ ఫోన్ చేశాడు.

"మార్టిన్ ఏమన్నా చెప్పాడా?"

"ముఠా పేర్లన్నీ చెప్పేశాడు సార్."

"అంత తొందరగానా? ఏం చేశావయ్యా?"

"నేనేం చెయ్యలేదు సార్. రామలక్ష్మిగారు భోజనం పెట్టారు. నాలుగోసారి వడ్డించబోయేసరికి లొంగిపోయాడు."