తాళం మార్చని ఫోన్

"జైల్‌బ్రేకా? జైల్లో పెట్టడానికి నా ఫోన్ ఏం నేరం చేసింది?"

క్యూబాలోని సియెన్‌ఫ్వేగోస్ ఊళ్ళో ఒఫెలియా అత్త ఇంటి వీధి కిటికీ దగ్గర నిలబడి ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. ఆ కిటికీయే ఒస్నియెల్ కొట్టు. కిటికీకి ఇవతల ఒక బల్ల, బల్ల మీద విప్పిన ఫోన్లు, పైన ఎప్పుడు పోతుందో తెలియని కరెంటుకి వేలాడే ఒక బల్బు.

ఒస్నియెల్ తలెత్తాడు. ముఖం కొత్తది. గొంతు మాత్రం రోజూ పొద్దున కాఫీతో పాటు వింటున్నదే.

"మీరు రేడియోలో మాట్లాడే దయామి కదూ?"

"అబ్బో! గొంతు పట్టేశారే. ముఖం చూసి గుర్తుపట్టినవాళ్ళు మాత్రం ఇంతవరకూ ఎవరూ లేరు."

"ఇకమీద ఉంటారు," అనేశాడు, నోరు జారి.

లోపలి గదిలో బియ్యం ఏరుతున్న ఒఫెలియా అత్త అవసరం లేకపోయినా గట్టిగా దగ్గింది. ఒస్నియెల్ చెవులు ఎర్రబడ్డాయి. దయామి పెదవులు బిగపట్టుకుంది గాని, కళ్ళు నవ్వేశాయి.

ఐఫోన్ పాతదే. మాడ్రిడ్‌లో ఉన్న పెదనాన్న వాడి వాడి పంపించాడు. శ్రోతలు ఫోన్ చేసి చెప్పే కబుర్లను రికార్డ్ చేసి ప్రోగ్రాంలో వినిపించాలని ఆమె ఆశ. ఫోనేమో కాల్ రికార్డ్ చేయనివ్వదు, బయటి పాట ఒక్కటి ఎక్కించనివ్వదు. కావలసిన యాప్ ఏదైనా క్యూబాకి రాదంటుంది.

"మా మారియెలా మీ దగ్గరికి వెళ్ళమంది. స్టేషన్‌లో సౌండ్ చూస్తుంది. నా ప్రాణం అనుకోండి. సరే, ఈ మహారాజుకి విడుదల ఎలాగో చెప్పండి."

ఒస్నియెల్‌కి ఉత్సాహం పొంగింది. "ఫోన్ మీకు అమ్మేసినా తాళాలు కంపెనీవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఇది పెట్టుకో, అది పెట్టుకోకు అని వాళ్ళే చెబుతారు. జైల్‌బ్రేక్ చేస్తే ఆ తాళాలు మన చేతికొస్తాయి. కాల్స్ రికార్డ్ చేసుకోండి, పాటలు ఎక్కించుకోండి, అక్షరాలు కూడా మీకు నచ్చినట్టు మార్చుకోండి."

"లాభాలు బాగున్నాయి. నష్టాలు?"

నష్టాలు అతనికి కంఠతా వచ్చు. మధ్యలో ఏదైనా బెడిసికొడితే ఫోన్ ఎందుకూ పనికిరాని ఇటుకైపోతుంది. కొత్త అప్‌డేట్లు పెట్టుకోకూడదు. ఊరూపేరూ లేని చోట నుంచి తెచ్చిన యాప్ లోపల కూర్చుని అన్నీ చూస్తుంది. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. తాళం పగలగొట్టగానే ఫోన్‌కి ఒక దొడ్డిదారి తెరుచుకుంటుంది. దాని పాస్‌వర్డ్ ప్రపంచంలోని అన్ని ఫోన్లకూ ఒకటే, అందరికీ తెలిసిందే. దాన్ని వెంటనే మార్చకపోతే, అదే వైఫైలో ఉన్న ఏ ఆకతాయైనా తలుపు తోసుకుని లోపలికి రావచ్చు.

ఇవన్నీ చెబితే ఏమవుతుంది? 'ఆలోచించుకుని వస్తానండీ' అంటుంది. వెళ్ళిపోతుంది. మళ్ళీ రాదు.

"నష్టమా? ఏముందండీ! బ్యాటరీ కాస్త త్వరగా అయిపోతుంది."

"అంతేనా?"

"అంతే."

"ఒట్టు?"

"మా అత్త మీద ఒట్టు."

"మధ్యలో నా మీద ఎందుకురా!" లోపల్నుంచి కేక వచ్చింది. దయామి పకపకా నవ్వింది. ఆ నవ్వుతో ఒస్నియెల్ పని అయిపోయింది.

ఫోన్ పని నడుస్తున్నంత సేపూ ఆమె కిటికీ అంచు మీద మోచేతులు ఆనించి మనుషుల్ని అనుకరించింది. రొట్టెల వాడి అరుపు, బస్సు కండక్టరు విసుగు, చివరికి అప్పుడే దగ్గిన ఒఫెలియా అత్త. ఒస్నియెల్ నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు. పాస్‌వర్డ్ మార్చాలన్న సంగతి చివర్లో గుర్తొచ్చింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. "పనిచేస్తోంది! చూడు, పనిచేస్తోంది!" అని ఆమె ఫోన్ లాక్కుని చీకట్లో గంతేసింది. మీరు కాస్తా నువ్వైపోయింది. ఆ ఒక్క మాటకి అతని తల తిరిగింది. వచ్చేసారి మారుద్దాంలే అనుకున్నాడు.

వచ్చేసారి వచ్చింది. ఆ తర్వాతా చాలాసార్లు వచ్చింది. స్క్రీన్ మీద గీత పడిందని ఒకసారి, గీత లేకపోయినా ఒకసారి. వచ్చిన ప్రతిసారీ "ఫోన్ ఒక్క నిమిషం ఇవ్వు" అనడమే తరువాయి. కాని ఎందుకని అడిగితే? ఆ రోజు అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. రేపు చూద్దాం అనుకునేవాడు. ఆ రేపటికి ఆమె ఇంకాస్త దగ్గరయ్యేది, చెప్పడం ఇంకాస్త కష్టమయ్యేది.

ఈలోగా దయామి ప్రోగ్రాం ఊరంతటినీ పట్టుకుంది. చేపలు పట్టేవాళ్ళ భార్యలు, జామ హల్వా వండే ముసలమ్మలు, అందరి గొంతులూ ఆ ఫోన్‌లోంచే రేడియోకి ఎక్కాయి. సాయంత్రాలు ఇద్దరూ సముద్రపు గట్టు మీద నడిచేవారు. ఒకరోజు వాన పట్టుకుంటే ఒక వరండా కింద ఇరుక్కుని నిలబడ్డారు. ఆమె జుట్టులోంచి నీళ్ళు అతని భుజం మీద పడుతున్నాయి.

"ఏంటి అలా చూస్తున్నావ్?"

"వాన ఎప్పుడు తగ్గుతుందా అని."

"వాన అటు పడుతోంది, ఒస్నియెల్."

ఆ రోజే మనసులో మాట చెప్పేసేవాడు. ముందు చెప్పవలసిన మాట ఇంకొకటి అడ్డం వచ్చింది.

ఒక సోమవారం, ఒక రికార్డింగు ఊరు చుట్టేసింది. ఆమధ్య మారియెలా అపెండిక్స్ ఆపరేషనై ఆసుపత్రిలో ఉంటే, ఆమెని నవ్వించడానికి దయామి చేసి వినిపించింది అది. స్టేషన్ డైరెక్టర్ ఎవెలియో గారిని అచ్చు దించేసింది. వాతావరణం చదువుతూ మధ్యలో తుమ్మడం, తుమ్మి తనకి తనే క్షమాపణ చెప్పుకోవడం. అంతటితో ఆగినా బాగుండేది. భార్య పోయిన ఆ పెద్దమనిషి, అకౌంట్స్‌లో పనిచేసే నెరేయిదా గారికి రోజూ కాఫీ తీసుకెళ్ళి, ఒక్క మాటా పెగలక, కప్పు అక్కడ పెట్టి వచ్చేయడం కూడా అందులో ఉంది.

మూడో రోజుకల్లా ఎవెలియో గారు వీధిలో కనిపిస్తే కుర్రకారు తుమ్మడం మొదలుపెట్టారు. "కాఫీ చల్లారిపోతోంది సార్!" అని వెనకనుంచి కేకలు. దయామిని మైకు దగ్గరికి రావద్దన్నారు.

ఆమె కిటికీ దగ్గరికి వచ్చేసరికి కళ్ళు వాచి ఉన్నాయి.

"ఇది నా ఫోన్‌లో తప్ప ఎక్కడా లేదు. పార్కులో అందరూ వాడే వైఫైకి వెళ్ళినప్పుడు ఎవడైనా లోపలికి దూరాడేమో చూడు. ఇది విన్నది మారియెలా ఒక్కతే. అదే చేసిందంటే నేను తట్టుకోలేను. చూసి నిజం చెప్పు."

చూశాడు. వెతకనక్కర్లేదు కూడా. ఎవడో దొడ్డిదారిన వచ్చి, చేతికందింది పట్టుకుపోయిన ఆనవాలు ఎదురుగానే ఉంది. ఆ ఫోన్ ముక్కలైపోతే బాగుండుననిపించింది.

"ఏమీ కనిపించడంలేదు," అన్నాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని నమ్మబుద్ధి కాలేదు.

"అయితే మారియెలాయే," అని ఫోన్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒస్నియెల్‌కి కిటికీ తెరవాలంటేనే భయం. వచ్చిన ప్రతివాడూ ఆ రికార్డింగు పెట్టి వినిపించి, "విన్నావా బ్రో, తుమ్ము విన్నావా?" అంటాడు. నవ్వకపోతే అనుమానం, నవ్వితే తన మీద తనకే అసహ్యం. ఒక మధ్యాహ్నం మారియెలాయే వచ్చింది. పొట్టి పిల్ల, ఎప్పుడూ మెడలో హెడ్‌ఫోన్స్ వేసుకుని తిరిగేది. ఆ రోజు మెడ బోసిగా ఉంది.

"నా ముఖం మీద తలుపు వేసేసింది ఒస్నియెల్. చిన్నప్పటినుంచీ ఒక కంచంలో తిన్నాం. నీ మాట వింటుంది. నేను కాదని చెప్పవూ?"

"చెబుతాను," అన్నాడు. చెప్పలేదు.

ఆ రాత్రి అన్నం, నల్ల చిక్కుళ్ళు కంచంలో అలాగే ఉండిపోయాయి. ఒఫెలియా అత్త కంచం తీయలేదు. ఎదురుగా కూర్చుంది.

"ఏం చేశావురా?"

మొత్తం చెప్పాడు. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"మంచి మనిషిలా కనిపించాలని ఇంత చెడ్డపని చేశావా?" అని మాత్రం అంది. "రేపు నా ముందు భోజనానికి కూర్చోవాలంటే, ముందు ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి రా."

మర్నాడు దయామి ఐస్‌క్రీం పార్లర్ బయట దొరికింది. వీధి మలుపు దాకా క్యూ. ఊరి అలవాటు ప్రకారం "చివర ఎవరు?" అని అడిగి, "నేనే బాబూ" అన్న లావుపాటి ఆవిడకి దండం పెట్టి, నేరుగా మధ్యలో ఉన్న దయామి దగ్గరికి నడిచాడు.

"ఏయ్, క్యూ ఉంది ఇక్కడ!" అని ఎవరో అరిచారు.

"ఐస్‌క్రీం కోసం కాదండీ." దయామి వైపు తిరిగాడు. "మారియెలా కాదు. నేను. ఫోన్ తెరిచిన రోజు పాస్‌వర్డ్ మార్చాలి. మార్చలేదు. నష్టాలు చెబితే వెళ్ళిపోతావని అన్నీ దాచాను. పార్కులో ఎవడో ఆ దారినే లోపలికొచ్చాడు. నువ్వు తెచ్చిన రోజే చూశాను. చూసీ, ఏమీ లేదన్నాను."

క్యూలో ముందున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

దయామి ముఖంలో రంగు పోయింది. "ఆ రోజు నీ ఎదురుగానే ఏడ్చాను కదా?"

"ఏడ్చావు."

"మారియెలా మీద అనుమానపడుతుంటే వింటూ కూర్చున్నావు."

"కూర్చున్నాను."

కొడుతుందనుకున్నాడు. ఆమె కొట్టలేదు. క్యూలోంచి బయటికొచ్చి, ఎండలో చెప్పులు టపటపలాడించుకుంటూ మారియెలా ఇంటివైపు పరుగెత్తింది.

"ఒరేయ్ అబ్బాయ్," అంది లావుపాటావిడ, "ఇంత పెద్ద మాట చెప్పడానికి ఐస్‌క్రీం తిననిచ్చి చెప్పకూడదుట్రా!"

"తిన్నాక చెబితే ఇంకా కోపమొచ్చేది," అన్నాడు వెనకాయన.

"ప్రేమించాడే, పాపం," అంది ఇంకొకావిడ. "ముఖం చూడు."

ఒస్నియెల్ ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, తలవంచుకుని అక్కడ్నుంచి సరాసరి రేడియో స్టేషన్‌కి వెళ్ళాడు.

ఎవెలియో గారు కిటికీలు మూసుకుని కూర్చున్నారు. ఒస్నియెల్ చెప్పినదంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తలుపు తెరిచి ఉంచింది నువ్వు. దొంగ ఎవడో. గొంతు మాత్రం ఆ పిల్లదేగా?"

"అవును సార్. కాని ఊరికి వినిపించాలని కాదు."

"నా తుమ్ముని బాగా పట్టేసింది," అన్నారాయన నెమ్మదిగా. "వింటే నాకే నవ్వొచ్చింది. నెరేయిదా గారు మాత్రం ఇప్పుడు నా కాఫీ ముట్టుకోవడంలేదు. నలుగురూ చూస్తారని. దాన్ని నువ్వేం బాగుచేస్తావు నాయనా?"

ఒస్నియెల్ తలుపు దాకా నడిచి, వెనక్కి తిరిగి, "క్షమించండి," అన్నాడు. చాలా చిన్న మాటనిపించింది.

దయామి కూడా వెళ్ళి క్షమాపణ అడిగిందని మారియెలా చెప్పింది. ఉద్యోగం పోలేదు. పొద్దుటి ప్రోగ్రాం తీసేసి, అందరూ నిద్రపోయే మధ్యాహ్నం పూటకి మార్చారు. "అది నన్ను కావలించుకుని గంటసేపు ఏడ్చింది," అంది మారియెలా, మెడలో హెడ్‌ఫోన్స్ సవరించుకుంటూ. "నిన్ను మాత్రం తిడుతోంది. కొత్త కొత్త తిట్లు."

"రోజూనా?"

"రోజూ. అదే నీ అదృష్టం."

దయామి వచ్చేసరికి వానాకాలం దాదాపు అయిపోయింది. పలకరింపు లేకుండా ఫోన్ బల్ల మీద పెట్టింది. "మొత్తం చెప్పు. భయపడకుండా."

ఈసారి ఒక్కటీ దాచలేదు. ఇటుకవడం, అప్‌డేట్లు, దొంగ యాప్‌లు, దొడ్డిదారి. కావాలంటే మళ్ళీ మొదట్లా చేసేయొచ్చనీ, చేస్తే కాల్స్ రికార్డింగు పోతుందనీ కూడా చెప్పాడు.

ఆమె ఆలోచించింది. "ముసలమ్మలు ఇంకా ఫోన్ చేస్తున్నారు. ఉండనీ. పాస్‌వర్డ్ నేనే పెడతాను, నువ్వు అటు తిరుగు. పార్కుకి ఇక తీసుకెళ్ళను. సొంత కబుర్లు ఇందులో ఉంచను."

అతను గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అక్షరాలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది.

"ఇంకేమైనా దాచావా?"

"ఒకటుంది," అన్నాడు గోడతోనే. "నువ్వంటే ఇష్టం."

"దాన్ని దాచాననుకుంటున్నావా? మారియెలాకి తెలుసు. ఐస్‌క్రీం క్యూలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు."

"నాకూ తెలుసు!" అంది లోపల్నుంచి ఒఫెలియా అత్త.

ఒస్నియెల్ మెల్లగా ఇటు తిరిగాడు. ఆమె నవ్వడంలేదు. కాని వెళ్ళిపోవడమూ లేదు. సంచిలోంచి ఒక చిన్న కాఫీ పొట్లం తీసి కిటికీ అంచు మీద పెట్టింది.

"నెరేయిదా గారింటికి వెళ్తున్నాను. ఆవిడ ఏం తప్పు చేశారని తలవంచుకు తిరగాలి? ఆ మాటే చెప్పి, క్షమించమని అడగాలి. వారం నుంచీ ఆ వీధి మొదటిదాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"నాకూ అంతే. ఆవిడ కనిపిస్తే పక్కసందులోకి తప్పుకుంటున్నాను."

"అయితే చొక్కా మార్చుకుని రా," అంది దయామి. "ఇద్దరం వెళ్దాం."