ఎవరికీ దక్కని పేటెంట్

"ఆర్మూర్‌లో గంగాకిషన్ అనే రైతు పసుపు ఉడికించే మిషన్ చేశాడు. సగం కట్టెలతోనే పని అయిపోతుంది. అంబర్ అనే విదేశీ కంపెనీ దానిమీద కన్నేసింది. మన అటార్నీ వచ్చి పేటెంట్‌కు అప్లికేషన్ వేసేదాకా దాన్ని ఎవరూ చూడకూడదు" అంది చీఫ్ రూత్.

"చూస్తే?" అడిగాడు ఏజెంట్ దయానంద్.

"కొత్తదనం పోతుంది. నలుగురికీ తెలిసినదానికి పేటెంట్ ఇవ్వరు. ఎవరికీ. అటార్నీ మార్కెట్లో నిన్ను కలిసి చెప్పే కోడ్ వర్డ్: కొమ్మా, మండా?"

అక్కడే దయానంద్ కొంప మునిగింది. పసుపులో వేళ్లలా పొడుగ్గా ఉండేది కొమ్ము, గుండ్రంగా ఉండేది మండ. కొనుగోలుదారు వేషంలో అతను ఆర్మూర్ మార్కెట్లో అడుగుపెట్టగానే కమీషన్ ఏజెంటు అడిగాడు, హమాలీ అడిగాడు, చివరికి చాయ్ పోసేవాడూ అడిగాడు: "ఏం గావాలె సేటూ, కొమ్మా, మండా?" ఏసీ గదిలో కూర్చుని ఈ కోడ్ కనిపెట్టిన మహానుభావుణ్ణి దయానంద్ మనసులోనే నానా తిట్లూ తిట్టుకున్నాడు.

అలా విసిగిపోయి ఉండగా నల్లకోటు, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటుతో స్వర్ణలత అనే ఆవిడ వచ్చింది. "కొమ్మా, మండా?" అంది నవ్వుతూ. చూస్తే లాయరే. దయానంద్ మారు ఆలోచించకుండా ఆమెను గంగాకిషన్ షెడ్డుకు తీసుకుపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రూత్ ఫోన్ చేసింది. "స్వర్ణలత డబుల్ ఏజెంట్. జీతం మన దగ్గర, పని అంబర్‌కు. అసలు అటార్నీ ఇంకా బయల్దేరనే లేదు."

దయానంద్ షెడ్డుకు పరుగెత్తాడు. గంగాకిషన్ నిన్న పేటెంట్ కాగితాలనుకుని ఆమె చూపిన చోటల్లా సంతకం పెట్టాడు. అంటే హక్కులన్నీ అంబర్‌కు రాసిచ్చేశాడు. వాళ్లు రేపు పొద్దున్నే అప్లికేషన్ వేస్తారు. ఇప్పుడు గంగాకిషనే ముందు వేసినా ఆ సంతకం పుణ్యమా అని పేటెంట్ వాళ్లకే చేరుతుంది. కోర్టుకెక్కితే ఏళ్లూ పూళ్లూ. అప్పటిదాకా తన మిషన్ తాను నడుపుకోవాలన్నా వాళ్లను అడుక్కోవాలి.

"ఇవాళే దాన్ని మార్కెట్లో అందరిముందూ నడపండి" అన్నాడు దయానంద్.

గంగాకిషన్ మండిపడ్డాడు. "గిన్నొద్దులు పిట్టకు గూడ జూపియ్యొద్దంటిరి! గిప్పుడు ఊరందరికి జూపియ్యుమంటున్నరు. దిమాక్ గిట్ల ఖరాబైందా సారూ?"

"చూపిస్తే వాళ్లకు పేటెంట్ రాదు."

"మరి నాకు?"

"మీకూ రాదు."

గంగాకిషన్ మిషన్‌కు ఆనుకుని కూలబడ్డాడు. "నా పేరు మీద ఉంటదనుకున్న" అన్నాడు. దయానంద్‌కు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

భార్య భాగ్యవ్వ కసిరింది. "ఆళ్ల పేరు వెట్టుకోని మన మిషన్ నడుపుడా? లే, ట్రాక్టర్ తియ్యి."

మార్కెట్ మూసే వేళకు మిషన్ యార్డు నడిమధ్యకు చేరింది. పొయ్యి వెలిగించారు. ఆవిరి రాదే! జనం ఇంటిముఖం పడుతున్నారు. అంతలో స్వర్ణలత కారు గేటు దాటి దూసుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మిషన్ బుస్సుమంది.

"ఆపండి! అది మా కంపెనీ రహస్యం!" అరిచింది స్వర్ణలత.

"జర గట్టిగా చెప్పండి మేడం, లైవ్ పోతోంది" అన్నాడు దయానంద్, చొక్కా గుండీలోని కెమెరాను ఆమెవైపు తిప్పుతూ.

గంగాకిషన్ మూత తీసి ఒక్కో పైపూ చూపించి రైతులకు చెప్పాడు. మొదట మాటలు తడుముకున్నాడు. తర్వాత ఎవరు ఆపినా ఆగేలా లేడు.

రూత్ మళ్లీ ఫోన్ చేసింది. "మిషన్ ఏమైంది?"

"ఏ మిషన్ మేడం? మన సీక్రెట్ మిషనైతే చెడింది. గంగాకిషన్‌దైతే పక్కూరు ఆలూర్ వెల్డర్ తనూ ఒకటి చేయడానికి అప్పుడే కొలతలు తీసుకుంటున్నాడు."