చదవకుండ దాటేసే పేర్లు

చిన్న మంగళారంల చర్చి పక్కన ఒక రేకుల గది ఉన్నది. ఆ దినం మధ్యాహ్నం మూడింటికే మబ్బు కమ్మి లోపల లైటేస్కోవాల్సొచ్చింది. ముక్కిపోయిన కాయితాల వాసన, ఎలుకల వాసన.

డిగ్రీ ఫస్టియర్ లిదియా ముందల సమాధుల రిజిస్టరు ఉన్నది. ఎప్పటి తెల్లదొరనో ఇంగ్లిష్‌ల రాసి పోయిండు. ఎవలు పోయిన్రు, దేంతోని పోయిన్రు, అంతే. ఆదివారంలోపట అంత టైప్ చేసియ్యుమన్నడు పాస్టర్. టైపింగ్‌కు చినాయన కొడుకు ఎజ్రా కూసున్నడు. మూలకు పీటేస్కొని నాయనమ్మ సారమ్మ అనుములు ఒలుస్తున్నది. అమ్మానాయిన లేని లిదియాను పెంచింది ఆమెనే. అవ్వ జర దగ్గినా లిదియాకు బువ్వ దిగది.

"యోబు. ఏగ్యూ," అని చదివింది లిదియా.

"ఏందక్కా అది, కొత్త ఫోన్ మోడలా?"

"నీ మొఖం. వెతుకు."

ఎజ్రా ఫోన్‌ల చూసిండు. "వణుకు జరమంట. మన మలేరియా లెక్క. ఇప్పుడెవలు అనరు ఆ మాట."

ఆ చర్చిల ఒక పద్ధతి ఉన్నది. ఈస్టర్ తెల్లారుజామున సమాధుల కాడ పెద్దమనిషి పేర్లు చదువుతడు. పేరు వినంగనె ఆ ఇంటోళ్లు "ఉన్నం" అనాలె. నిన్ను తలుసుకునేటోళ్లం ఉన్నమని. ఇంట్ల ఒక్కలు మిగలని పేర్లను మాత్రం పైకి చదవరు. ఏలుతోని ముట్టి దాటేస్తరు. గుర్తుకు పక్కన గీత ఉంటది.

తొందరల లిదియా గీత చూడలే.

"యోబు ఇంటోళ్లు అందరు పోయిరి," అన్నది అవ్వ. "పాపం, పిలిస్తే ఎవలన్న పలకాలె గద." గింజలు ఒలుసుకుంటనె "ఉన్నం" అన్నది.

"ఊరందరికి నువ్వే సుట్టానివి," నవ్విండు ఎజ్రా.

"మార్తమ్మ. డ్రాప్సీ."

"ఒంట్ల నీరు చేరి ఉబ్బుడు. అప్పట్ల ఆ ఉబ్బుడునే రోగమనుకున్నరంట."

"ఉన్నం," అన్నది అవ్వ.

"దానియేలు. క్విన్సీ."

"గొంతుల చీముగడ్డ. మింగరాదు, మాట రాదు."

"ఉన్నం."

ఈసారి అవ్వ గొంతు గీరుకున్నట్టు వచ్చింది.

గదిల వాసన మారింది. అప్పుడే తవ్విన పచ్చి మట్టి వాసన. అనుముల గింజలు ఒక్కొక్కటి నేల మీద పడుతున్నయి. టక్... టక్...

"అవ్వా, సలి పెడుతున్నదా?"

అవ్వ చేతులు వణుకుతున్నయి. గాజులు ఉబ్బిన కండల మునిగినయి.

లిదియా పేజీ చూసింది. మూడు పేర్లు... పక్కన మూడు గీతలు. పుస్తకం టప్పున మూసింది.

"ఉన్నం," అన్నది అవ్వ.

ఎవలు చదవలే.

"ఉన్నం..."

"అక్కా... ఎవలు పిలుస్తున్నరే?" ఎజ్రా గుసగుస.

ఇద్దరికి ఏం వినబడ్తలే. అవ్వ మాత్రం ఎదురు మూల దిక్కు చెవి పెట్టి పలుకుతనే ఉన్నది. పలికినప్పుడల్ల ఊపిరి తగ్గుతున్నది. పెదాలు నీలమైనయి.

లిదియా అవ్వ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఎవలు లేని ఆ మూలకు తిరిగింది.

"మా అవ్వను ఇడిసిపెట్టుండ్రి," అన్నది మెల్లగ. "మీకు నేనున్న. అందరికి... నేనే ఉన్న."

గది సల్లవడ్డది. కొంచెం సేపటికి అవ్వ దగ్గింది. "నీళ్లియ్యి బిడ్డా."

అయినా భయంతోని ఆమెను చేవెళ్ల దవాఖానకు షేర్ ఆటోల ఎక్కించిన్రు. ఎనక సీట్ల ఈ ముగ్గురే. డ్రైవర్ భిక్షపతి ఎట్లాంటోడంటే, పదిమంది ఉన్నా ఇంకిద్దరిని ఇరికిస్తడు. అసొంటోడు, తొవ్వల ఒకామె చెయ్యెత్తితే ఆపకుండ పోయిండు.

"ఆపలేదేందన్నా?" అడిగిండు ఎజ్రా.

"ఏడ కూసోవెట్టాలె తమ్మీ, నా నెత్తి మీదనా?"

భిక్షపతి అద్దంల చూసిండు.

"చెల్లె, ఆ సిన్నపిల్లను జర ఒళ్లెకు తీస్కో. ఎక్కిన కాడికెల్లి నీ మొఖమే చూస్కుంట నిలవడ్డది."

లిదియా రెండు మోకాళ్ల మీద సల్లగ, తడితడిగ ఏదో బరువు ఆనింది.