మంచినీళ్ల దోమ

పంజాగుట్ట చౌరస్తాలో, పట్టపగలు, నంబర్ ప్లేట్ లేని సుమో ఒకటి డాక్టర్ హనుమత్ప్రసాద్ స్కూటర్‌ని గుద్దేసింది. అది యాక్సిడెంట్ కాదు. గుద్దినవాడు తాపీగా దిగాడు, కొన ఊపిరితో ఉన్న మనిషి చంకలోంచి ఫైలు లాక్కుని వెళ్లిపోయాడు.

అరగంటలో ఏజెంట్ విజయేందర్ అమీర్‌పేటలోని ఓ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉన్నాడు.

“జావా బ్యాచ్ ఉందా?”

“డెమో క్లాస్ ఫ్రీ.” రిసెప్షనిస్ట్ వెనక గది తలుపు తీసింది.

చీఫ్ జానకీదేవి కూర్చోమనలేదు.

“ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో మలేరియా. నలుగురు పిల్లలు పోయారు. హనుమత్ప్రసాద్ ఆ దోమల డిఎన్ఏ చదివాడు. తొమ్మిది హాస్టళ్ల దోమలూ ఒకే వంశం. ఈ ఊరివి కావు. వెల్డార్క్ బయో అనే విదేశీ కంపెనీ ల్యాబ్‌లో పెంచిన రకం. మన మందులకి చావవు, వాళ్ల స్ప్రేకే చస్తాయి.”

“ఆ స్ప్రే ఎవరు కొంటున్నారు?”

“మన ఆఫీసర్లే! నాలుగింటికి పంజాగుట్ట హోటల్లో సంతకాలు. దోమలు బస్తీలో పుట్టాయని చెప్పి, అదే నాలుగింటికి ఎర్రగడ్డ బస్తీ మీదికి బుల్డోజర్లు. డేటా కాపీ నా దగ్గరుంది. కానీ కంపెనీవాళ్లు ‘ఓడల్లో వచ్చి మీ మురికిలో పెరిగాయి’ అంటారు. ఎవరు వదులుతున్నారో రుజువు కావాలి. కంపెనీలో మన మనిషి రవళి.”

పంజాగుట్ట కాఫీ షాపులో రవళి నల్ల కళ్లద్దాలు తీయకుండానే చిన్న గాజుసీసా జరిపింది.

“ఈ దోమల్ని ఎర్రగడ్డ మురిక్కాలవ మోరీలో నేనే పట్టానండీ. బస్తీవాళ్లదే తప్పు. శుభ్రతంటే ఏంటో తెలీని మనుషులు.”

విజయేందర్ లాప్‌టాప్ బ్యాగులోని డిఎన్ఏ మెషీన్ గంటలో తేల్చింది. అదే వంశం.

ఫాగింగ్ వర్కర్ వేషంలో ఎర్రగడ్డ వెళ్లాడు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో వంట చేసే చంద్రమ్మ ఆ బస్తీలోనే ఉంటుంది. పొగ మెషీన్ చూడగానే మండిపడింది.

“ఏంది సారూ, మోరీల కొడ్తవా? జెరం దోమ మోరీల పుడ్తదా? గది మంచినీళ్లల్ల గుడ్లు వెడ్తది! మూడు వారాల సంది మొత్తుకుంటున్న. నా ఇల్లు కూలగొడ్తరంట, ఒక్కడన్న ఇన్నడా? నడువ్, మా హాస్టల్ సంపు చూపిస్త.”

హాస్టల్ నేలకింది సంపులో నీళ్లు అద్దంలా ఉన్నాయి. పైన దోమ లార్వాలు అడ్డంగా తేలుతున్నాయి. మూత కింద వెల్డార్క్ ముద్ర ఉన్న జాలీడబ్బా!

“శుక్రారం శుక్రారం కంపెనీ మేడమొచ్చి ఫ్రీగ సాఫ్ చేపిస్తది. నల్లద్దాల మేడం.”

విజయేందర్‌కి ఒళ్లు మండిపోయింది. పెన్నులాంటి గొట్టంతో మూత కింది దోమల్ని పీల్చి సీసాలో వేసుకున్నాడు, జాలీడబ్బా ఊడదీసి బ్యాగులో పెట్టుకున్నాడు.

మూడూ యాభై ఎనిమిది. హోటల్ హాలు గుమ్మంలో రవళి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది.

“ఆగండి విజయేందర్ గారూ.”

“ఆ సీసా మోరీలో నింపానన్నావు. ఈ దోమ మోరీలో పుట్టదు. రోగం అనగానే నీకు పేదోళ్ల మురికే గుర్తొచ్చింది!”

ఆమె మణికట్టు మీద ఒక్క దెబ్బ. పిస్టల్ ఎగిరిపడింది. హోటల్ గార్డులు ఆమెని పట్టుకున్నారు.

లోపల ఆఫీసర్ పెన్ను కాగితానికి తగిలింది. విజయేందర్ బల్ల మీద జాలీడబ్బా పడేసి, సీసా మూత తీశాడు.

“ఎస్.ఆర్. నగర్ సంపులోవి!”

ఆఫీసర్లు ఫైళ్లతో దోమల్ని తోలుకున్నారు. కంపెనీ డైరెక్టర్ మాత్రం కోటు తల మీదికి లాక్కుని బల్ల కింద దూరాడు.

“డోంట్! అవి మా స్ట్రెయిన్, మా ల్యాబ్ రకం! కుడితే చస్తాం!”

ఆఫీసర్ పెన్ను మూసేశాడు.

“మగ దోమలే ఏరి తెచ్చాను. కుట్టవు. బయటికి రా,” అన్నాడు విజయేందర్, అతని కాలర్ పట్టి లాగుతూ.

ఎర్రగడ్డకి ఫోన్ వెళ్లేసరికి బుల్డోజర్ తగిలి చంద్రమ్మ గోడ పగిలింది. డ్రైవర్ రివర్స్ గేరు వేశాడు.

సాయంత్రం విజయేందర్ ఆవిడకి దణ్ణం పెట్టాడు. “డిఎన్ఏ రిపోర్టు చూసి బస్తీ కూల్చే ఆర్డర్ రద్దు చేశారమ్మా.”

చంద్రమ్మ పగిలిన గోడ వైపు చూసింది.

“మూడు వారాలు మనిషి చెప్తె ఇనలే. ఇయ్యాల దోమ చెప్తె ఇన్నరు.”