వెనక గడపలో నిమ్మకాయలు

"సార్, రేపు నా పండ్లు వీకుతరట!"

కుర్చీలో కూర్చోకుండానే ఆ మాట అనేసి అమ్మాయి వెనక్కి తిరిగి తలుపు మూసింది. కరీంనగర్ ప్రైవేటు డిటెక్టివ్ పరశురాములు ఎన్నో కేసులు చూశాడు గానీ, పట్టపగలు ఇంత భయం చూసింది తక్కువే. అసిస్టెంటు అనిల్ కుమార్ అందించిన మంచినీళ్ళు సగం ఒలికిపోయాయి.

ఆమె పేరు సృజన. చుట్టరికాల మీద పరిశోధన చేస్తోంది. ఏ దేశంలో ఎవరు ఎవరికి ఏ వరస, ఎవరిని పెళ్ళాడవచ్చు, ఎవరి ఎదుట పడకూడదు అన్నది ఆమె చదువు. అందుకోసమే మందమర్రి అవతల ఒక పల్లెలో, రాయమల్లు ఇంట్లో గది అద్దెకు తీసుకుంది.

"పొద్దుగాల లేస్తే నా వెనక గడపల సూదులు గుచ్చిన నిమ్మకాయలు, వెంట్రుకలు ఉంటున్నయ్ సార్. ఊర్ల పిల్లలకు జ్వరాలొచ్చినయ్. చుట్టరికాలు రాసుకుంటందుకు సచ్చినోళ్ళ పేర్లు గూడ అడుగుత గదా, గందుకే గీమెనే బాణామతి మంత్రాలు చేస్తుందంటున్నరు. రేపు పంచాయితిల, మంత్రం పలుకకుండ నోట్లె పండ్లు వీకుతరట."

"ఎవలతోనన్న లడాయి అయ్యిందా?"

"లే సార్. పక్కింట్ల ఉండే రాయమల్లు తమ్ముని భార్య కనకవ్వనే నన్ను పిలిచి బువ్వ వెడ్తది. ఆమె బిడ్డ మమతారాణికి సాగర్ అనే పిలగానితోని లగ్గం కుదిరింది. గా సంబురంలనే ఉన్నరు. నేను గూడ చెన్నూరు వోయి కనకవ్వ తల్లిగారోళ్ళను కలుస్తనన్న."

"ఫికర్ చెయ్యకు. మేమొస్తం," అన్నాడు పరశురాములు.

మర్నాడు వాళ్ళు వెళ్ళేసరికి ముందు వాకిలి బార్లా తెరిచి ఉంది. అరుగు మీద మంచంలో రాయమల్లు. పాపం, పక్షవాతం వచ్చి చూపూ వినికిడీ కూడా పోయాయి. పక్కన ఏనుగు నడిచినా తెలియదు. పెరట్లోని నల్లా నీళ్ళకు వచ్చే ఊరి జనమంతా ఆ మంచం ముందు నుంచే పోతున్నారు. ఆ దారే నేరుగా వెనక గడపకు వెళుతుంది. పెరటి చుట్టూ మాత్రం తుమ్మకంప కంచె. ఒకచోట కొత్తగా సందు పడి, ముళ్ళకు నెత్తురు మరకలు ఉన్నాయి.

"దొంగలకు దొడ్డిదారే గదా సార్," అన్నాడు అనిల్.

"ముందల తలుపు తెరిచి, కాపలా మనిషికి కండ్లూ చెవులూ లేకుంటే, ముండ్లల్లకెల్లి ఎందుకు వోతరోయ్?"

అనిల్ ముళ్ళ మీది నెత్తురు మరకలను మళ్ళీ వంగి చూశాడు. కనకవ్వ నెత్తిన కొంగు కప్పుకొని, పక్కింటి గోడ చాటు నుంచే వాళ్ళకు చాయ అందించింది.

కాసేపటికి జనం మూగారు. కొందరి చేతుల్లో కట్టెలు, ఒకడి చేతిలో పటకారు. దాన్ని చూసి సృజన పరశురాములు వెనక్కి జరిగింది. అనిల్ లోలోపల ప్రభువును తలుచుకున్నాడు.

"ఈ పిల్లను ముట్టే ముందు ఒక్క పని జెయ్యుర్రి," పరశురాములు గొంతెత్తాడు. "ఒక్కొక్కలు రాయమల్లు ముంగటికొచ్చి, మంచం మీద చెయ్యి వెట్టి, నిమ్మకాయలు నేను వెట్టలేదని ఒట్టెయ్యుర్రి."

అందరూ వచ్చారు. పటకారువాడూ వచ్చాడు. కనకవ్వ మాత్రం గోడ మూల కదల్లేదు.

"నువ్వు రావా?"

"అయ్యో, తమ్ముని పెండ్లాం బావ ముంగటికి ఎట్ల వస్తది?"

"గదే మాట కావాలె నాకు! ఊరంతా గీ మంచం ముంగటికెల్లే నడుస్తది. నిమ్మకాయలు వెట్టినోళ్ళు మాత్రం ముండ్లు దూరిండ్రు. చూడనోని ముంగటికి గూడ రాలేని మనిషి ఊర్ల ఒక్కతే ఉన్నది. కనకవ్వా, జర చేతులు చూపెట్టు."

కొంగు కింద రెండు చేతులూ గీరుకుపోయి ఉన్నాయి. కనకవ్వ కుప్పకూలింది.

"నాకు బువ్వ వెట్టిన చేత్తోనే గిట్ల చేస్తివా అవ్వా?" సృజన గొల్లున ఏడ్చింది.

"నిన్ను సంపాలని కాదు బిడ్డా, భయపడి వోతవనుకున్న. పంచాయితి దాంక వస్తదనుకోలే. పసిగుడ్డుగ ఉన్నప్పుడే నన్ను కన్నోళ్ళు వేరేటోళ్ళకు సాదుకోనిచ్చిండ్రు. సాగర్ తల్లి నా తోడవుట్టిన అక్క. గా ముచ్చట చెన్నూరుల ముసలోళ్ళకే ఎరుక. బిడ్డ మనసు వడ్డదని నేను నోరిప్పలే. నువ్వు వోయి అడిగితే లగ్గం చెడిపోతదని..."

జనం చెంపలేసుకున్నారు. అక్కచెల్లెళ్ళ పిల్లలంటే అన్నాచెల్లెళ్ళే.

"నేను పేర్లు రాసుకొని వచ్చేదాన్ని. గంతే అవ్వా. సాదుకున్న ముచ్చట నాకు చెప్పేదెవలు?" అంది సృజన.

పటకారువాడు తలవంచుకొని వెళ్ళిపోయాడు. జనంలోంచి వచ్చిన మమతారాణి తన తల్లి వైపు చూడలేదు. సృజన దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు అన్ని దేశాల సంగతులు చదివినవు గదా. అక్కచెల్లెండ్ల పిల్లలు చేసుకునే దేశం యాడన్న ఉన్నదా?"

"ఉన్నది. శానా ఉన్నయ్."

"గిక్కడ గాదు గదా," అని ఆమె సృజన భుజం మీద తల పెట్టి ఏడ్చింది.