వణుకు ఆపావా?

చీఫ్ పెన్ను మూతతో చెవి కెలుక్కుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. బయటికొచ్చిన గులిమిని తీరిగ్గా చూసుకుని టేబుల్ అంచుకి రాశాడు. ఏజెంట్ తొమ్మిది తన కుర్చీని ఆ అంచుకి దూరంగా జరుపుకున్నాడు.

"పరాయి దేశంలో మనవాళ్లు పన్నెండు మంది మారుపేర్లతో ఉన్నారు. వాళ్ల లిస్టు ఈ మధ్యాహ్నం హోటల్ రూమ్ నాలుగొందల ఆరులో శత్రువు చేతికి వెళ్తోంది. మోసుకెళ్లేది మన రికార్డు రూమ్ గుమాస్తా. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను."

"మరి అరెస్టు చెయ్యండి సార్."

"చేస్తే అక్కడ రేవులన్నీ మూసేస్తారు. మనవాళ్లు ఓడెక్కేది సాయంత్రం ఆరింటికి. అప్పటిదాకా లిస్టు దొరికిందనే వాళ్లు నమ్మాలి. కానీ దొరక్కూడదు." చీఫ్ ఆవలించాడు. "అన్నట్టు, నాలుగో పేరు మీ అక్కది."

తల్లి పోయాక తనకి జడుపు జ్వరం వస్తే తెల్లవార్లూ ఒళ్లో పడుకోబెట్టుకున్న అక్క. ఆ మాట చెప్తూ ఆవలించాడు ఈ మనిషి!

"ఫొటో తీసేదెవరు?"

"నెమలి."

రెండు పక్షాల దగ్గరా జీతం తీసుకునే అందగత్తె. పోయిన ఏడాది ఆమె పుణ్యమా అని అతని స్నేహితులు ఇద్దరు తిరిగిరాలేదు.

"ఆ కాగితానికి మన ల్యాబ్ మందు పూసింది. గట్టి లైటు పడితే నల్లబడిపోతుంది. అక్షరాలేమో ఆవగింజంత. అంచేత మసక వెలుతురు, ట్రైపాడ్, లాంగ్ ఎక్స్‌పోజర్, అంటే షట్టర్ చాలాసేపు తెరిచి ఉంచాలి. పొద్దున మనవాళ్లు ఆమె లెన్స్ బిగుసుకుపోయేలా చేశారు. రిపేరుకి ఫోన్ చేసింది. మెకానిక్‌వి నువ్వే."

మేకప్ సెక్షన్ వాళ్లు అతనికి ఎత్తుపళ్ల సెట్టు తగిలించారు. అంతకుముందు అది ఎవరి నోట్లో ఉండి వచ్చిందో అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు.

రూమ్‌లో కర్టెన్లు మూసి ఉన్నాయి. తడి కార్పెట్ కంపు, దానిమీద నెమలి సెంటు. మంచమ్మీద శత్రు ముఠా నాయకుడు ఉడికించిన గుడ్లు ఒక్కొక్కటీ నోట్లో కుక్కుకుంటూ పచ్చసొన అంటిన వేళ్లని దుప్పటికి తుడుస్తున్నాడు. పక్కనే గుమాస్తా, కాగితం గుండెకి హత్తుకుని చెమటలు కక్కుతున్నాడు.

తొమ్మిది లెన్స్ విప్పి, బిగుసుకున్న రింగు వదులు చేశాడు. దానిమీద స్టెబిలైజర్ స్విచ్ ఉంది, పక్కనున్న అక్షరాలు ఏనాడో అరిగిపోయాయి. చేతిలో కెమెరా అదిరితే లోపల ఒక గాజుముక్క ఎదురు కదిలి బొమ్మని నిలబెడుతుంది. ట్రైపాడ్ మీద పెడితే మాత్రం దాన్ని ఆఫ్ చెయ్యాలి. లేకపోతే ఇలాంటి పాత లెన్సుల్లో అది లేని అదురుని వెతుక్కుంటూ తనే కదిలి, బొమ్మని అలికేస్తుంది. తొమ్మిది స్విచ్‌ని పైకి, అంటే ఆన్‌కి, తోశాడు.

"ట్రైపాడ్ మీద పెడుతున్నాం. వణుకు ఆపావా?" అడిగింది నెమలి.

స్టూడియోల్లో ఆ స్విచ్‌కి 'వణుకు' అనే పేరు. వణుకు ఆపావా అంటే స్విచ్ ఆఫ్ చేశావా అని. రిపేరు షాపుల్లో వణుకు ఆపడమంటే బొమ్మ అదరకుండా స్విచ్ ఆన్ చెయ్యడం. అతను మెకానిక్ కదా!

"ఆపేశానమ్మా."

అబద్ధం కాదు. అయినా ఆమెకి వినయంగా జవాబిచ్చినందుకు తన నోటిమీద తనకే రోత పుట్టింది.

షట్టర్ తెరుచుకుంది. లెన్స్‌లోంచి సన్నగా జుయ్‌మని చప్పుడు. నెమలి తల వాల్చి చెవి ఒగ్గింది.

"ఏదో రొద వినిపిస్తోంది."

ఆమె వేలు లెన్స్ వైపు జరిగింది. ఇంకో అంగుళం జరిగితే స్విచ్, అక్కడితో అక్క కథ ముగిసినట్టే.

నాయకుడు బ్రేవ్‌మని తేన్చాడు. "నా కడుపేలే. పొద్దుట్నుంచీ అంతే. కానీ తొందరగా!"

నెమలి ముక్కు మూసుకుని వెనక్కి జరిగింది. ఆరు ఫొటోలు తీసింది. కెమెరా వెనకున్న బుల్లి స్క్రీన్ మీద బొమ్మ శుభ్రంగానే కనబడింది. పెద్దది చేసి చూడబోయింది.

"ఒంటిగంట కావస్తోంది, ఇది రికార్డు రూమ్‌లో తిరిగి పెట్టెయ్యాలి, నా కొంప ముంచకండి!" అని గుమాస్తా కాగితం లాక్కుని పరుగెత్తాడు. నాయకుడు సొన వేళ్లతోనే మెమరీ కార్డు ఊడబీకి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం ఆరుంబావుకి మెసేజ్ వచ్చింది: 'గొడుగు ఆరింది.' పన్నెండు మందీ ఓడెక్కారని అర్థం. తొమ్మిది బాత్రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుని కాసేపు ఏడ్చాడు. తరవాత పళ్లు తోముకున్నాడు, మూడుసార్లు.

మర్నాడు చీఫ్ హుషారుగా ఉన్నాడు.

"నెమలి మన దగ్గరికి తిరిగొచ్చేసిందోయ్! మనకోసం కావాలనే ఫొటోలు పాడుచేసిందట. కళ్లనీళ్లు పెట్టుకుంది. మెడల్‌కి రాసి పంపాను."

"పాడుచేసింది నేనని మీకు తెలుసు కదా సార్?"

"తెలుసులేవయ్యా. కానీ నీకిస్తే నాకేం లాభం? ఆమె అయితే ఇంకో పనికి వాడుకోవచ్చు. రేపు మెడల్ ఇచ్చేటప్పుడు ఫొటో ఉంటుంది, నువ్వు తియ్యి."

తొమ్మిది లేచాడు. రేవులో అక్క ఓడ దిగే వేళయింది.

"ఇంకెవరినైనా చూసుకోండి సార్. స్టెబిలైజర్ మన చెయ్యి వణికితేనే కాపాడుతుంది. ఎదుటి మనిషికి నిలకడ లేకపోతే దానికీ చేతకాదు."